మోత కింద జమ

ఆమెకి ఇప్పుడు అన్నీ వినిపిస్తున్నాయి, మొగుడి మాట తప్ప.

వంటింట్లో చెంచా కింద పడితే వినిపిస్తోంది. గోడ అవతల పొరుగింటి ముసలావిడ దగ్గితే వినిపిస్తోంది. మెట్ల మీద చెప్పుల చప్పుడు విని వచ్చేది ఎవరో చెప్పేస్తోంది. బల్లకి అటుపక్క కూర్చున్న మొగుడు "నీళ్లు ఇటియ్యి" అంటే మాత్రం తల ఎత్తకుండా తన మానాన తను తింటోంది.

అలక అనుకున్నాడతను. అలా అనుకోవడానికి కారణం ఉంది. అంతకుముందే చెవి మిషను గురించి ఇద్దరికీ పెద్ద గొడవైంది. ఆమె అతని మాట కాదని కంపెనీ మిషను పెట్టించుకుని వచ్చింది. చేసింది చాలక పైగా బెట్టు చేస్తోందని అతనికి మండింది. ఒకటికి రెండుసార్లు పలకరించాడు, పలకలేదు. సరే, నేను మాత్రం ఎందుకు తగ్గాలని ఇంకాస్త గొణిగి తన కంప్యూటరు ముందుకి వెళ్లి కూర్చున్నాడు. వారమంతా ఇల్లు అలాగే నడిచింది.

అసలు సంగతి బావమరిది వచ్చిన రోజు బయటపడింది. బావమరిది అంటే ఆమె తమ్ముడు. వీధి మలుపులో కళ్లజోళ్ల దుకాణం పక్కన చెవి మిషన్ల దుకాణం అతనిది. ఆ మిషన్లు అమ్మే కంపెనీకి ఏజెంటు. అక్కకి కొత్త మిషను ఎలా ఉందో చూసి పోదామని వచ్చాడు. లోపలికి అడుగు పెట్టగానే మొగుడు మీసాల్లోంచి, "వచ్చాడు, చెవులకి అద్దె వసూలు చేసే దొర" అన్నాడు.

తమ్ముడు పకపకా నవ్వాడు. అక్క వాడి మొహం చూసి, ఎందుకురా ఆ నవ్వు అంది.

"బావ అన్నది వినలేదా?"

"మీ బావ ఏమంటాడు? మౌనవ్రతంలో ఉన్నాడుగా. నేను మిషను తెచ్చుకున్న రోజు నుంచీ నోరు విప్పితే ఒట్టు."

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆమె అలగలేదు. అతనే అలిగాడనుకుంది. అతను ఈ వారం రోజులూ మాట్లాడుతూనే ఉన్నాడు.

పనిచేసే బట్టల మిల్లులో అతన్ని మోటారయ్య అంటారు. కన్నవాళ్లు పెట్టిన పేరు ఇంకేదో ఉంది, జీతం ఇచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. గొంతు అలాంటిది. నీళ్ల మోటారు వేసినట్టు ఎత్తూ పల్లమూ లేని ఒకే గుర్రు. కోపమొచ్చినా అంతే, ముద్దొచ్చినా అంతే. దానికి తోడు పెదవి కనపడకుండా మీసం. మనిషి మొహం చూసి మాట్లాడే అలవాటు కూడా లేదు. కంచంతో మాట్లాడతాడు, గోడతో మాట్లాడతాడు, కంప్యూటరుతో మాట్లాడతాడు.

రేడియో రిపేరు దుకాణంలో మొదలైన బతుకు. చదివింది తక్కువ, తిట్టింది ఎక్కువ. మిల్లులో మగ్గాల్ని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డులు చెడిపోతే బాగుచేసేవాడు. వాటి లోపల ఏముందో తయారుచేసినవాళ్లు చెప్పరు గనక తనే తవ్వి తెలుసుకున్నాడు. అలా ప్రోగ్రాములు రాయడం పట్టుబడింది. వచ్చిన ప్రోగ్రామింగ్ భాష ఒక్కటే. పాతది, మొరటుది, తప్పు రాస్తే మొహం మీదే కూలబడుతుంది. అది చాలు అనేవాడు. కొత్త కొత్త భాషలంటే గిట్టేది కాదు. వాటిని ఎవరు తయారుచేస్తున్నారో, ఎవరి జీతం తిని చేస్తున్నారో చూడండి అనేవాడు. మనం మాట్లాడే భాష కూడా వాళ్లదే అయితే ఇక వాళ్లని ఏ భాషలో తిడతాం అని అడిగేవాడు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పినవాడు లేడు. విన్నవాళ్లూ తక్కువే.

వారం వారం ప్రింటింగ్ ప్రెస్సు మేడ మీద గదిలో, ప్రోగ్రాములు రాసి అందరికీ ఊరికే ఇచ్చే ఓపెన్ సోర్స్ వాళ్లు నలుగురు కూడేవారు. అక్కడ మాత్రం మోటారయ్య మాటకి విలువ ఉండేది. రాసిన కోడ్ దాచిపెట్టేవాడు బావికి తాళం వేసేవాడితో సమానం అనేవాడు. కంపెనీ పేరెత్తితే పళ్లు కొరికేవాడు. అందరి ఫోనూ దానిదే, ఉత్తరాలు దానివే, దారి చూపించే పటాలూ దానివే. మనం పీల్చే గాలికి ఇంకా మీటరు పెట్టలేదంటే మర్చిపోయి ఉంటారు అనేవాడు.

అతని భార్య అదే మిల్లులో బట్ట తనిఖీ చేస్తుంది. నేత గుడ్డ బల్ల మీద నుంచి జారుతుంటే ఎక్కడ పోగు తెగిందో, ఎక్కడ ముడి పడిందో కనిపెట్టే పని. ఆ పనికి కళ్లు కావాలి, చెవులు అక్కర్లేదు. అందుకే కాబోలు, మగ్గాలు ఆమె చెవుల్ని కొంచెం కొంచెంగా తినేస్తుంటే ఎవరూ పట్టించుకోలేదు. ఆమె కూడా అందరూ మెల్లగా మాట్లాడుతున్నారనుకుంది.

మొదట కొన్న మిషను అన్నిటినీ పెంచింది. మాటనీ పెంచింది, మగ్గాన్నీ పెంచింది. ఒక పూట పెట్టుకుని, దీనికంటే చెవుడే నయమని తీసి బల్ల మీద గిరవాటేసింది. మోటారయ్య దాన్ని విప్పాడు. నెలల తరబడి దాంతో కుస్తీ పట్టి ఒక ప్రోగ్రాం రాశాడు. దాని సూత్రం చిన్నపిల్లాడికైనా అర్థమవుతుంది. మనిషి మాట ఎగుడుదిగుడుగా ఉంటుంది, యంత్రం మోత బొంగురుగా, తిన్నగా, ఒకే తీరున సాగుతుంది. అలా సాగేదాన్నల్లా మోత కింద జమకట్టి కోసెయ్. అంతే. మగ్గాలు మాయమయ్యాయి. పక్కనున్న పనివాళ్ల మాటలు తేలాయి.

మగ్గాలతో పాటు మోటారయ్య కూడా మాయమయ్యాడు.

అప్పుడు ఆమె నవ్వింది, పొట్ట పట్టుకుని నవ్వింది. ప్రోగ్రాముకి కూడా తెలిసిపోయిందయ్యా నువ్వు మోటారువని అంది. అతనూ నవ్వాడు. పాత పత్రిక ఒకటి తీసి గట్టిగా చదివి తన గొంతు రికార్డు చేశాడు. ఇది మోత కాదు, దీన్ని వదిలెయ్ అని ప్రోగ్రాముకి నేర్పే ముక్క ఒకటి రాశాడు. ఆమె చెవికి మిషను పెట్టి, "ఇప్పుడు?" అన్నాడు. "ఆఁ, ఇప్పుడు మా ఆయనే" అంది. ఆ మాట అతనికి బాగా గుర్తు.

ప్రోగ్రాముకి చెవిపోగు అని పేరు పెట్టి ఊరికే లోకానికి ఇచ్చేశాడు. వాడుకునేవాళ్లు పెరిగారు. ఎక్కడెక్కడివాళ్లో రాసేవాళ్లు. ఇది ఎలా చెయ్యాలండీ అని అడిగినవాడికి, కోడ్ అక్కడే ఉంది, చదువుకో అని ఒక్క ముక్కలో జవాబిచ్చేవాడు. అలా ఒకసారి ఎవడో చదువుకున్నాడు. చదువుకుని నలుగురూ చూసేచోట ఎగతాళిగా రాశాడు: మీ గొంతు మా అందరి చెవుల్లో ఎందుకండీ, ఇంటి సామాను ఇంట్లో పెట్టుకోండి.

మోటారయ్యకి తల కొట్టేసినట్టయింది. తిట్టినా పడేవాడు, నవ్వితే పడలేడు. ప్రోగ్రాములు రాసేవాళ్లందరికీ ఉండే రోగమే ఇది. నలుగురికీ పంచేది శుభ్రంగా ఉండాలి, అందులో రాసినవాడి ఇల్లు కనపడకూడదు. ఆ పూటే తన గొంతు ముక్కని చెవిపోగులోంచి పీకి, సొంత కంప్యూటర్లో వేరే ఫైలుగా పెట్టుకున్నాడు. ఇంట్లో మిషనుకి అది అతుకుతుంది, లోకానికి ఇచ్చిన దాంట్లో దాని ఆనవాలు ఉండదు. అందరూ మెచ్చుకున్నారు. ఇప్పుడు నిఖార్సుగా ఉందన్నారు. అతను మురిసిపోయాడు.

ఇంకో తప్పు కూడా అప్పుడే జరిగింది. ఊరికే ఇచ్చే ప్రోగ్రాముకి కూడా, ఎవరు ఎలా వాడుకోవచ్చో చెప్పే లైసెన్స్ రాయాలి. మేడ మీది నలుగురూ ఒకటే చెప్పారు: తీసుకున్నవాడు మార్పులు చేస్తే వాటిని కూడా అందరికీ బయట పెట్టాలని షరతు రాయి, లేకపోతే కంపెనీ ఎగరేసుకుపోతుంది. మోటారయ్య వినలేదు. షరతు పెడితే అది ఇవ్వడం ఎట్లా అవుతుంది అన్నాడు. గాలిని ఎవడు మూట కడతాడో చూద్దాం అన్నాడు. ఎవరైనా తీసుకోండి, ఏమైనా చేసుకోండి అని రాసి పడేశాడు. చేతికి ఎముక లేదని పేరు తెచ్చుకోవడం కూడా ఒక గర్వమే.

కంపెనీ ఎగరేసుకుపోయింది. ముందు చెవి మిషన్లు చేసేవాళ్లని ఒక్కొక్కర్నీ కొనేసింది. పాత మిషన్లకి విడిభాగాలు ఆపేసింది. కొత్త మిషన్లో చెవిపోగుని దించి, పైన తాళం వేసి, నెలనెలా చందా పెట్టింది. ఇది దొంగతనం కూడా కాదు. దొంగతనమైతే కేసు పెట్టొచ్చు. తలుపు తీసి, దీపం పెట్టి, రండి రండి అని పిలిచి ఇచ్చిన సొత్తు. తాళం వేసింది చెవిపోగు మీద అన్న సంగతి మాత్రం అప్పటికి మోటారయ్యకి తెలియదు. కంపెనీ లోపల ఏముందో ఎవరికి చెబుతుంది?

గొడవ వచ్చింది వీటి దగ్గర కాదు. ఒక బటన్ దగ్గర.

చెవిపోగులో ఏది మార్చాలన్నా ఆమె మిషను తీసి అతని చేతిలో పెట్టాలి. అతను దానికి వైరు తగిలించి, నల్లటి తెర మీద ఏవో టైపు చేసి, తిరిగి ఇస్తాడు. అంతసేపూ ఆమె చెవిటిదై కూర్చోవాలి. మిల్లులో ఒకలా కావాలి, ఇంట్లో ఒకలా కావాలి, వీధిలో ఇంకోలా. నాకే ఒక బటన్ పెట్టరాదా, నేనే నొక్కుకుంటాను అని ఎన్నోసార్లు అడిగింది. అదెంత పని, చేస్తాను అనేవాడు. చేసేవాడు కాదు. ఎప్పుడూ ఇంకేదో పెద్ద పని ఉండేది, లోకానికి పనికొచ్చేది.

ఒక ఆదివారం అతను ప్రెస్సు మేడ నుంచి వచ్చేసరికి ఆమె గడప మీద కూర్చుని ఉంది. మిషను ఈలలు వేస్తుంటే తీసి ఒళ్లో పెట్టుకుంది. పొద్దున్నుంచీ ఎవరేం మాట్లాడినా వినపడలేదట. ఆ రోజు మాట్లాడింది ఆమే.

"ఊరందరికీ స్వేచ్ఛ పంచుతున్నావు. నా చెవిలో చప్పుడు నేను తగ్గించుకోవాలంటే నువ్వు ఇంటికి రావాలి. ఇదేం స్వేచ్ఛయ్యా?"

కంపెనీ మిషను కొంటే నీ చెవికి అద్దె కట్టాలి, చచ్చేదాకా అద్దె అన్నాడతను.

"అద్దె ఇల్లయినా తాళంచెవి నా చేతికిస్తారు. నీ సొంతింట్లో తాళంచెవి నీ మొలలో ఉంది."

 అప్పుడు చెయ్యాల్సిన పని ఒకటుంది, ఆ రాత్రే కూర్చుని బటన్ పెట్టడం. అది చెయ్యకుండా కంపెనీని తిట్టాడు. మర్నాడు ఆమె తమ్ముడి దుకాణానికి వెళ్లి పాత మిషను ఇచ్చేసి కొత్తది తెచ్చుకుంది. మార్పిడి కింద తీసుకున్న పాతవాటిని కంపెనీ తునాతునకలు చేయిస్తుంది, ఎవడి చేతిలోనూ పడకుండా.

ఇక ఇప్పటి సంగతి. బావమరిది ఇద్దర్నీ దుకాణానికి తీసుకెళ్లాడు. గాజు తలుపు తీసి పట్టుకుని, "రా బావా, శత్రువు కోటలో కాలు పెట్టావు, కుడికాలే పెట్టు" అన్నాడు. మోటారయ్య నవ్వలేదు. అక్క మిషనుని తెరకి కలిపి, మాట్లాడమన్నాడు. మోటారయ్య మాట్లాడాడు. తెర మీద గీత ఒక్క క్షణం లేచి, పడుకుంది. కింద ఆకుపచ్చ అక్షరాల్లో, మోత తొలగించబడింది అని వచ్చింది. బావమరిది మాట్లాడితే గీత గంతులేసింది. మోటారయ్య మళ్లీ మాట్లాడాడు. గీత మళ్లీ పడుకుంది.

అలా పడుకోవడం అతనికి తెలుసు. ముందు కొంచెం తటపటాయించి, ఒక మెట్టు దిగి, అప్పుడు పూర్తిగా ఆరిపోవడం. ఉన్నట్టుండి కోసేస్తే చెవిలో టప్పుమంటుందని తనే అలా మెట్టు పెట్టాడు. కన్నబిడ్డ నడక కంటే బాగా తెలుసు అతనికి ఆ నడక.

ఎవరెవరి ప్రోగ్రాములు వాడుకున్నారో రాసే లైసెన్సుల పేజీ తియ్యరా అన్నాడు. అలాంటిదొకటి ఉందని బావమరిదికే తెలియదు. సెట్టింగుల అట్టడుగున దొరికింది. చీమ తలకాయంత అక్షరాలు, తోస్తూ పోతే తరగని వరస. దాని మధ్యలో ఎక్కడో చెవిపోగు, దాని పక్కన అతని పేరు. కన్నవాళ్లు పెట్టిన అసలు పేరు.

"ఇది నువ్వేనా బావా?" బావమరిది కుర్చీలోంచి లేచాడు. "అయితే లోపలున్నది నీ ప్రోగ్రామే. నీదే అయితే మార్చెయ్, ఏముంది?"

"ప్రోగ్రాం నాది. తాళం వాళ్లది."

 కంపెనీ అన్నీ తీసుకుంది. అతను రాసినదంతా తీసుకుంది. అతని గొంతు ముక్క ఒక్కటే తీసుకోలేదు, ఎందుకంటే అది అక్కడ లేదు. పదిమందీ నవ్వుతారని తనే పీకి దాచుకున్నాడు. ఇవాళ భార్య చెవిలో తన మాటని కోస్తున్నది కంపెనీ కత్తే, కానీ దానికి పదును పెట్టింది తను. తెలియక మధ్యలో కూర్చున్న ఆమె ఇద్దరి మొహాలూ చూస్తూ, ఏమంటున్నాడురా అని తమ్ముణ్ని అడిగింది.

తర్వాత చెయ్యాల్సినవన్నీ చేశాడు. కంపెనీకి రాశాడు. మీ అభిప్రాయం మాకు విలువైనది అని వచ్చింది. మళ్లీ రాశాడు, ఈసారి తిడుతూ. మీ మిషను సరిగ్గానే పనిచేస్తోంది, మోతను గుర్తించి తొలగిస్తోంది అని వచ్చింది. దాని కింద సంతకం లేదు, మనిషి లేడు. కోడ్ అక్కడే ఉంది, చదువుకో అని ఒకప్పుడు తను విసిరిన జవాబులు గుర్తొచ్చాయి. అందులోనూ మనిషి లేడు.

ప్రెస్సు మేడ మీద ఒకడు తాళం పగలగొడదామన్నాడు. పగలగొట్టిన మిషన్ని కంపెనీ దూరం నుంచే చంపేస్తుందని ఇంకొకడు చెప్పాడు. ఇంటికొచ్చి కాగితం మీద రాసి భార్యని అడిగాడు, పగలగొట్టనా అని. ఆమె చదివి, నా చెవి మీద ప్రయోగాలు చాలయ్యా అంది.

అయినా ఆమె తన వంతు తను చేసింది. ఫోన్లో మోత కోసే బటన్ ఉంది, మొత్తంగా ఆపేయొచ్చు. అతని కోసం ఆపింది. ఆ సాయంత్రం ఇద్దరూ మాట్లాడుకున్నారు. ఇన్నాళ్ల గొణుగుడూ లేక ఇల్లు బోసిపోయిందయ్యా అంది. కానీ ఫ్యాను, ఫ్రిజ్, వీధిలో బండ్లు, పైవాళ్ల నీళ్ల పంపు, అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. మాట మధ్యలోనే కణతలు నొక్కుకుంది. మర్నాడు మిల్లులో మళ్లీ నొక్కక తప్పలేదు. సాయంత్రాలు ఓ గంట నీ కోసం ఆ కోత ఆపేస్తాను అంది. మూడు సాయంత్రాలు ఆపింది. ఆ గంట ఆమె పళ్లు బిగబట్టి కూర్చోవడం అతను చూశాడు. నాలుగో సాయంత్రం తనే ఆమె ఫోను తీసి బటన్ నొక్కి, తన్ను తాను ఆపేసుకున్నాడు.

ఉపాయం చెప్పింది బావమరిదే. ఎగతాళికి చెప్పాడో, జాలికి చెప్పాడో.

"కొంచెం సన్నగా, సాగదీసి మాట్లాడు బావా. పాట పాడినట్టు. గొంతు ఎగుడుదిగుడుగా ఉంటే అది వదిలేస్తుందిగా, నువ్వే రాశావు."

మోటారయ్య బూతు తిట్టాడు. నా గొంతుకి ఎవడి అనుమతీ అక్కర్లేదన్నాడు. గాజు తలుపు గోడకి కొట్టుకునేలా తోసి బయటికొచ్చాడు.

మళ్లీ అతనే వెళ్లాడు. బేరాల్లేని మధ్యాహ్నం వేళ చూసి వెళ్లాడు. దుకాణంలో ఉన్న ఇంకో మిషను తెరకి కలపమన్నాడు. బావమరిది కలిపి, వీధి వైపు తిరిగి నిలబడ్డాడు. మోటారయ్య తెర ముందు కూర్చుని పలికాడు. గీత పడుకుంది. కాస్త పైకి పలికాడు. పడుకుంది. ఇంకాస్త పైకి, ముక్కులోంచి, ప్రతి మాట చివరా తోక లేపుతూ. గీత తటపటాయించింది. మెడ నరాలు ఉబ్బాయి. దేన్నైనా బాగుచేసేటప్పుడు చేసినట్టే చేశాడు, ఒక్కో మెట్టూ మార్చి చూసి, తప్పితే వెనక్కి వచ్చి, మళ్లీ మార్చి. ఇన్నేళ్లూ మనిషికి తగ్గట్టు మిషన్ని తిప్పాడు. ఇప్పుడు మిషనుకి తగ్గట్టు మనిషిని తిప్పుతున్నాడు. చివరికి గీత లేచింది, లేచి నిలబడింది. తలుపు దగ్గర బావమరిది వెనక్కి తిరగలేదు. మెచ్చుకోనూ లేదు.

ఇంటికొచ్చేసరికి ఆమె బల్ల దగ్గర పళ్లాలు సర్దుతోంది. అతను చెప్పులు విడిచి, గోడ వైపు కాకుండా ఆమె వైపు తిరిగి నిలబడి, గొంతు పైకి లాగి అన్నాడు.

"ఆకలేస్తోందే. వడ్డిస్తావా?"

ఆమె ఉలిక్కిపడి వాకిలి వైపు చూసింది. "ఎవరూ?"

వాకిట్లో ఎవరూ లేరు. అప్పుడు మొగుణ్ని చూసింది. అతని మెడ చూసింది. అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక నవ్వింది, వెనకటిలా పొట్ట పట్టుకుని నవ్వబోయి, మధ్యలో ఆగింది. చేతిలో పళ్లెం బల్ల మీద పెట్టింది.

"మళ్లీ అను" అంది.

అతనికి ఏదో ఆశ కలిగింది. మిషను దారిలోకి వచ్చిందేమో, ఆమె చెవి గుర్తుపట్టిందేమో అనిపించింది. తన సొంత గొంతుతో, నీళ్ల మోటారు గొంతుతో, ఆమెని చిన్నప్పటి పేరు పెట్టి పిలిచాడు. ఎప్పుడో తప్ప పిలవని పేరు అది.

ఆమె అతని మీసాల వైపే చూస్తోంది. పెదవి కదిలిందో లేదో వెతుకుతోంది.

"అది కాదయ్యా" అంది ఆమె, మెల్లగా. "ఇందాకటిది."

 అతను మెడ బిగించి, ముక్కులోంచి, తోక లేపుతూ, ఆకలేస్తోందని మళ్లీ అన్నాడు. ఆమె తలూపి వడ్డించడానికి వంటింట్లోకి వెళ్లింది.